తెలుగులో సత్యాన్ని వంచే మాటలు: బొంకు, వంక, అవాస్తవం

వ్యాససంగ్రహం:

నిఘంటువుల్లో కల్ల, బొంకు, అబద్ధం, అనృతం, మిథ్య వంటి పదాలు ‘అసత్యం’ అనే ఒకే వివరణ కింద చేరుతాయి. ప్రయోగంలో మాత్రం వీటిలో ఏ రెండూ ఒకటి కావు. కొన్ని పదాలు చెప్పిన విషయాన్ని గురించి తీర్పు చెబుతాయి. కొన్ని చెప్పిన మనిషిని పట్టుకుంటాయి. మరికొన్ని చెప్పిన తీరును మాత్రమే ఎత్తిచూపుతాయి. ఈ తేడాను కావ్యభాష, సామెతలు, నాటకం, పత్రికాభాష, న్యాయస్థానపు వాడుక ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆధునిక ప్రజాజీవనపు భాషలో ‘బొంకు’ వంటి కర్తృప్రధానమైన క్రియ వెనకబడి, ‘అవాస్తవం’ వంటి కర్త లేని నామపదం ముందుకు రావడం వల్ల కలిగిన అర్థనష్టం ఇందులో ప్రధానాంశం.

కీలకపదాలు: బొంకు, కల్ల, అబద్ధం, వంక, నమ్మబలకడం, పరోక్షార్థక ‘అట’, వక్రీకరణ, అవాస్తవం.

1. ఉపోద్ఘాతం:

ఒక భాషలో అసత్యానికి ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టడం కష్టం కాదు. ఆ పేర్లను ఎవరు, ఎవరి మీద, ఏ సందర్భంలో ప్రయోగిస్తారన్నది తేలికగా తేలే విషయం కాదు. ‘అతను అబద్ధం చెప్పాడు’, ‘అతను బుకాయించాడు’, ‘అతను కోతలు కోశాడు’, ‘అతని మాట సత్యదూరం’ అనే నాలుగు వాక్యాలనూ ఆంగ్లంలోకి అనువదించే విద్యార్థి నాలుగుసార్లూ ఒకే మాట వాడే అవకాశం ఉంది. తెలుగు వినేవారికి మాత్రం మొదటి వాక్యంలో ఒక నేరం, రెండో వాక్యంలో పట్టుబడ్డ మనిషి, మూడో వాక్యంలో నవ్వు, నాలుగో వాక్యంలో ఒక మర్యాద వినిపిస్తాయి. సత్యానికి ఎంత దూరంగా ఉందన్న కొలతతో ఈ పదాలు విడిపోవడం లేదు. చెప్పేవాడికి ఏం తెలుసు, వినేవాడు ఏం నమ్మాడు, ఆ నమ్మకానికి బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నల దగ్గర విడిపోతున్నాయి.

2. కల్ల, అబద్ధం, బొంకు:

‘కల్ల’ ద్రావిడ భాషల్లో పెద్ద కుటుంబం ఉన్న పదం. తమిళంలో ‘కళ్’ ధాతువుకు దొంగిలించడం అని అర్థం. ‘కళ్ళం’ అంటే దొంగతనం, కపటం కూడా. కన్నడంలో ‘కళ్ళ’ అంటే దొంగ. తెలుగులో ఈ పదం దొంగతనపు అర్థాన్ని పూర్తిగా వదులుకుని అసత్యమనే అర్థాన్నే మిగుల్చుకుంది. ఆ ఖాళీలోకి ‘దొంగ’ వచ్చింది. విశేషమేమిటంటే, ‘దొంగ’ కూడా విశేషణంగా మారి మళ్ళీ అసత్యం వైపే నడిచింది. దొంగ ఏడుపు, దొంగ నిద్ర, దొంగ లెక్కలు, దొంగ సాక్ష్యం, దొంగ ఓటు అనే సమాసాల్లో ఎవరి సొమ్మూ పోలేదు. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు కనిపించడమే ఉంది. ఒక పదం వదిలేసిన అర్థబంధాన్ని భాష మరో పదంతో తిరిగి కుదుర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం అరుదు.

‘కల్ల’కు మరో లక్షణం ఉంది. దానికి మాట్లాడే మనిషి తప్పనిసరి కాదు. ‘కల్లలాడు’ అన్నప్పుడు మనిషి ఉన్నాడు. ‘ఆశలు కల్లలయ్యాయి’ అన్నప్పుడు ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. అనుకున్నది జరగలేదు, అంతే. ‘కల్లబొల్లి’ అనే జంటపదంలో మళ్ళీ మనిషి కనిపిస్తాడు, ముఖ్యంగా కన్నీళ్ళతో. కల్లబొల్లి మాటలకన్నా కల్లబొల్లి ఏడుపులే తెలుగులో ఎక్కువ వినిపిస్తాయనిపిస్తుంది.

‘అబద్ధం’ దారి వేరు. సంస్కృతంలో అబద్ధమంటే కట్టబడనిది, ఆ మీదట పొంతన లేనిది, అర్థం లేనిది. తెలుగు దీన్ని అసత్యమనే అర్థానికి స్థిరపరచింది. అయితే సామెతలు ఈ వ్యుత్పత్తిని తలకిందులు చేశాయి. ‘అబద్ధమాడితే అతికినట్టుండాలి’, ‘అబద్ధమాడితే గోడ కట్టినట్టుండాలి’ అన్నవి బాగా తెలిసిన మాటలు. కట్టుబడనిదని పేరున్న వస్తువును అతకమని, గోడలా కట్టమని లోకం సలహా ఇస్తోంది. అబద్ధాలకు తెలుగులో వాడే క్రియలు చూసినా ఇదే ధోరణి: అబద్ధాలను అల్లుతారు, కథలు కడతారు, లేనిపోనివి కల్పిస్తారు. ‘కట్టుకథ’ అన్న సమాసంలో పనితనం మీద కొంత మెచ్చుకోలు కూడా దాగి ఉంది. ఇక ‘అబద్ధమాడు’లోని ‘ఆడు’ ఆటకు సంబంధించినది కాదు. ‘ఆడినమాట’లో ఉన్న, పలుకుట అనే అర్థమిచ్చే పాత క్రియ అది. అందుకే ‘నిజమాడితే నిష్ఠూరం’ అని నిజానికీ అదే క్రియను వాడగలుగుతున్నాం.

ఈ మూడింటిలో ‘బొంకు’ ప్రత్యేకమైనది. అది నామంగానూ ఉంది గానీ దాని బలం క్రియగా ఉండటంలో ఉంది. ‘కల్ల’కూ ‘అబద్ధా’నికీ ఆడు, చెప్పు అనే సాయం కావాలి. బొంకుకు అక్కర్లేదు. బొంకినవాడు తప్పనిసరిగా ఒక మనిషి. అతనికి నిజం తెలుసు. తెలిసీ వేరే విధంగా పలికాడు. ‘ఆశలు బొంకాయి’ అనం. జోస్యం అబద్ధం కావచ్చు గానీ జోస్యం బొంకదు, బొంకితే జ్యోతిష్కుడు బొంకాలి. చెప్పిన విషయం ఎంత అసత్యమైనా, చెప్పినవాడు దాన్ని నిజమని నమ్మి ఉంటే అతని మీద ఈ క్రియ నిలవదు. పాత వాడుకలో మాట తప్పడం కూడా బొంకే. ‘ఆడి బొంకడం’ అనే కూర్పులో నిన్నటి మాటకూ నేటి చేతకూ మధ్య ఉన్న తేడాయే అసత్యమవుతుంది. జరిగినదాన్ని గురించిన అసత్యాన్నీ, చేస్తానన్నదాన్ని చేయకపోవడాన్నీ ఒకే క్రియ కింద చేర్చడం వెనుక మాట మీద ఒక గట్టి అవగాహన ఉంది: మాటంటే పలికినవాడు పూచీపడేది.

3. బొంకదగిన చోట్లు:

ఏ సందర్భాల్లో అసత్యం పాపం కాదన్న పట్టిక భారతీయ వాఙ్మయంలో పలుచోట్ల ఉంది. తెలుగు పాఠకులకు రెండు చోట్లు సుపరిచితం. ఒకటి మహాభారతం ఆదిపర్వంలోని యయాతి కథలో శర్మిష్ఠ వాదన. రెండోది భాగవతం అష్టమ స్కంధంలో వామనుడికి దానమివ్వబోతున్న బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చేసిన బోధ. ఈ రెండు చోట్లా సంస్కృత మూలం ‘అనృతం’ అనే నామపదాన్ని వాడింది. భారతంలో అయిదు అనృతాలు పాతకాలు కావు అని ఉంటే, భాగవతంలో ఫలానా సందర్భాల్లో అనృతం జుగుప్సితం కాదు అని ఉంది. నన్నయ, పోతన ఇద్దరూ ఆ నామపదాన్ని పక్కన పెట్టి ‘బొంకు’ క్రియను ఎంచుకున్నారు. ఒకరిని చూసి మరొకరు రాశారా అన్న చర్చ ఇక్కడ అవసరం లేదు. తెలుగులోకి వచ్చేసరికి వాక్యంలో అసత్యమనే వస్తువు పోయి, అసత్యం పలికే మనిషి వచ్చాడన్నది ముఖ్యం. అనుమతి వస్తువుకు కాదు, మనిషికి.

పట్టికలో కూడా ఒక మార్పు ఉంది. సంస్కృత భారతంలోని అయిదింటిలో మొదటిది పరిహాసం. భాగవత శ్లోకంలోనూ పరిహాసం ఉంది. ప్రాణాపాయం, సర్వధనాపహరణం, స్త్రీవిషయం, వివాహం అనే మిగిలిన నాలుగింటినీ నన్నయ ఉంచుకుని, పరిహాసం స్థానంలో చావు ముంచుకొచ్చిన విప్రుడి కోసం పలికే అసత్యాన్ని చేర్చాడు. పోతన ప్రాణం, ధనం, మానం అనే మూడింటినీ ఒకచోట చేర్చి, గోబ్రాహ్మణ రక్షణను చెప్పి, పరిహాసాన్ని వదిలేశాడు. ఛందస్సు ఒత్తిడి వల్ల ఒక అంశం జారిపోయి ఉండవచ్చునన్న సమాధానం ఒకరి విషయంలో చెల్లుతుంది. ఇద్దరి విషయంలోనూ అదే అంశం జారిపోవడానికి మరో వివరణ కూడా ఆలోచించదగినది. పరిహాసంగా అన్నమాట తెలుగులో బొంకు కిందికి రాదు. నమ్మించే ఉద్దేశం లేనిచోట ఆ క్రియకు పని లేదు. పని లేనిచోట అనుమతి ప్రసక్తీ లేదు. దీన్ని సిద్ధాంతమని చెప్పలేం గానీ, ఈ వ్యాసంలో తరువాత వచ్చే కోతల చర్చ దీనికి కొంత బలం ఇస్తుంది.

శర్మిష్ఠ వాదనకు సంస్కృత భారతంలో యయాతి ఇచ్చిన జవాబు తక్కువగా చర్చకు వస్తుంది. రాజు ప్రజలకు ప్రమాణం కాబట్టి అతను అసత్యమాడితే నశిస్తాడని, కష్టంలో ఉన్నా తాను ఆ పని చేయలేనని అతనంటాడు. మినహాయింపుల పట్టిక అందరికీ సమానం కాదన్నమాట. పదిమంది ఎవరి మాటను ప్రమాణంగా తీసుకుంటారో వారికి ఆ వెసులుబాటు లేదు. చివరకు యయాతి శర్మిష్ఠ మాటకే ఒప్పుకున్నాడన్నది వేరే సంగతి. బలి ఒప్పుకోలేదు, ఒకసారి అన్నమాట నుంచి తన నాలుక తిరగదన్నాడు. ‘నాలుక తిరగడం’ అన్న ఈ భావన నేటి వాడుకలో ‘నాలుక మడతపెట్టడం’, ‘మాట తిప్పడం’ అనే పలుకుబడుల్లో ఇంకా సజీవంగా ఉంది.

ఈ పట్టికలోని వివాహం సామెతలోకి దిగి ‘వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యాలి’ అయింది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ (తొలి ప్రచురణ 1897, సమగ్రంగా మార్చిన రెండో కూర్పు 1909) ఈ సామెతను మరో వైపు నుంచి చూపిస్తుంది. కరటకశాస్త్రి తన మేనకోడలు సుబ్బికి ముసలి లుబ్ధావధానులతో పెళ్ళి తప్పించడానికి శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, ఆ ‘పిల్ల’నే లుబ్ధావధానులకు అంటగడతాడు. ఒక పెళ్ళి ఆపడానికి మరో పెళ్ళి నడిపిన అబద్ధం ఇది. వివాహం, ప్రాణరక్షణ అనే రెండు మినహాయింపులూ ఒకేచోట కలిశాయి. ఇదే నాటకంలో గిరీశం చేసేది వేరు. అతనికి మినహాయింపులతో పనిలేదు, అతనిది అలవాటు. రెండో కూర్పులో గిరీశం తెర మీదికి వచ్చే మొదటి రంగం విజయనగరంలోని బొంకులదిబ్బ. ఆ స్థలనామం పుట్టుక ఏదైనా, నాటకం చూసేవారికి వినిపించే అర్థం ఒక్కటే.

4. వంక, డొంక, మడత:

సత్యాన్ని విరిచే మాటలు కొన్ని. వంచే మాటలు అంతకన్నా చాలా ఎక్కువ. తెలుగులో వంపును తెలిపే ‘వంక’ నేరుగా ‘నెపం’ అనే అర్థంలోనూ ఉంది. ‘జ్వరం వంకతో బడి మానేశాడు’ అన్నప్పుడు జ్వరం పూర్తిగా లేకపోవచ్చు, కొద్దిగా ఉండనూవచ్చు. వంకలో అసలు విషయం ఎంతో కొంత నిజమే కావచ్చు. కారణంగా చూపడంలోనే వంపు ఉంది. ‘సాకు’, ‘మిష’, ‘నెపం’ దీని తోటివి. వీటిలో ‘కుంటిసాకు’ ఆసక్తికరమైనది, అది నడవలేదని వినేవాడికి ముందే తెలిసిపోయింది. వంచు అనే క్రియకూ, మోసమనే అర్థమిచ్చే ‘వంచన’కూ ధ్వనిలో పోలిక ఉంది గానీ చుట్టరికం లేదు. మొదటిది ‘వంగు’ నుంచి వచ్చిన దేశ్య క్రియ, రెండోది సంస్కృతం. ఇలాంటి యాదృచ్ఛికాలను వ్యుత్పత్తులుగా చూపించే అలవాటు మన వ్యాసాల్లో అప్పుడప్పుడు కనిపిస్తున్నందువల్ల ఈ మాట చెప్పవలసి వస్తోంది.

‘డొంకతిరుగుడు’ పొలాల మధ్య బండిదారి ఎరిగినవారి మాట. చేరవలసిన చోటు కళ్ళముందే ఉన్నా దారి అటు పోదు. డొంకతిరుగుడుగా మాట్లాడేవాడు అబద్ధం చెప్పాడని నిరూపించలేం. అతను ఏమీ చెప్పలేదన్నదే అసలు ఆరోపణ. ‘కప్పదాటు’లో ఒక అంశం మీది నుంచి మరో అంశం మీదికి గెంతడం ఉంది. ‘నీళ్ళు నమలడం’లో జవాబే లేదు. ‘మడతపేచీ’లో వాదన ఎటు విప్పినా మరో మడత ఉంటుంది. మౌనం, దాటవేత కూడా అసత్యం ఆవరణలోకి వస్తాయని ఈ పలుకుబడులు గుర్తించాయి. సంస్కృతం నుంచి వచ్చిన అసత్యం, అనృతం, మిథ్య అనే పదాల్లో ఈ గుర్తింపు లేదు; వాటికి ఒక వాక్యం కావాలి, ఆ వాక్యం నిజానికి విరుద్ధంగా ఉండాలి.

వాక్యం నిజమై, భావం అసత్యమైనప్పుడు ఏమనాలి? ‘అర్ధసత్యం’ వ్యాసభాషలోని పదం. జనవ్యవహారం దీనికి ఒక కథను పేరుగా పెట్టుకుంది. ‘అశ్వత్థామ హతః కుంజరః’ అన్నాడంటే చాలు, మిగతాది అర్థమవుతుంది. వినిపించేటట్టు పలికినది కొంత, వినిపించకుండా పలికినది కొంత. అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నిలిచిన ధర్మరాజు రథం ఆ మాటతో నేలకు దిగిందని భారతం చెబుతుంది. ధర్మరాజు పలికిన పదాల్లో అసత్యం లేకపోయినా శిక్ష పడింది. కథ తీర్పు వాక్యం మీద కాదు, ద్రోణుడు ఏం నమ్మాడన్నదాని మీద.

పెంచి చెప్పడానికీ, పూత పూయడానికీ ఉన్న మాటలను ఇక్కడ వివరంగా చర్చించనవసరం లేదు. గోరంతలు కొండంతలు చేయడం, చిలవలు పలవలుగా చెప్పడం, మసిపూసి మారేడుకాయ చేయడం అనే మూడింటిలోనూ మూలంలో ఏదో ఒక నిజమైన వస్తువు ఉంది. గోరు, కొమ్మ, కాయ లేకుండా ఈ పనులు జరగవు.

5. ఎవరినీ మోసం చేయని కోతలు:

‘కోతలు కోయడం’లో నమ్మించాలన్న ఉద్దేశం కన్నా మెప్పించాలన్న ఆశ ఎక్కువ. వినేవాడికి అది కోతేనని తెలుసు, తెలిసీ వింటాడు. నేటి యువత మాటల్లోని ‘నరకడం’ ఇదే ఉపమానాన్ని మరింత పదునుపెట్టింది. తెలంగాణలో ‘గప్పాలు కొట్టుడు’, రెండు ప్రాంతాల్లోనూ ‘బడాయి’ ఉన్నాయి. ఇవి ఉర్దూ, హిందీల ద్వారా వచ్చినవి. అదే దారిన వచ్చిన ‘దగా’, ‘దోఖా’ మాత్రం మోసమే. గప్పాలు విన్నవాడు నవ్వుతాడు; దోఖా తిన్నవాడు నవ్వడు.

కోతను ఒక కళగా నిలబెట్టినవాడు తెలంగాణ పల్లెల్లో తిరిగే పిట్టలదొర. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టెతుపాకి. నోటినిండా తన ఆస్తిపాస్తుల గురించి, వేట గురించి, అధికారం గురించి అసాధ్యమైన మాటలు. తుపాకిరాముడన్నా ఇతనే. ఇతని మాటల్లో ఒక్కటీ నిజం కాదు, అయినా ఇతను బొంకాడని ఎవరూ అనరు. ఎవరైనా సభలో గొప్పలు చెబితే ‘పిట్టలదొర మాటలు’ అని ఎత్తిపొడుస్తారు. ఇందులో నిందకన్నా ఎగతాళి బలంగా ఉంది, ‘నీ మాట నమ్మినవాడు ఇక్కడ ఎవడూ లేడు’ అని ప్రకటించడం అది. పరిహాసం నన్నయ, పోతనల పట్టికల్లోకి ఎందుకు రాలేదన్న ప్రశ్నకు పిట్టలదొర ఒక జవాబు కావచ్చు.

6. బుకాయింపు, దబాయింపు, నమ్మబలకడం:

బొంకు వెనకబడినా తెలుగులో అసత్యానికి క్రియలు లేకుండా పోలేదు. బుకాయించు, దబాయించు, నమ్మబలుకు, మభ్యపెట్టు, ఏమార్చు నేటికీ రోజూ వినిపించేవే. అయితే వీటిలో ప్రతిదీ అసత్యంలో ఒక దశను మాత్రమే పట్టుకుంటుంది. బుకాయించేవాడు అప్పటికే దొరికిపోయాడు. సాక్ష్యం ఎదురుగా ఉండగా కాదంటున్నాడు. దబాయించేవాడికి సాక్ష్యంతో పనిలేదు. గొంతు, హోదా, ఎదుటివాడి బెదురు చాలు. ‘దబాయించు’కు మూలమైన హిందీ క్రియకు నొక్కడం అని అర్థం. నొక్కబడేది సత్యమా, ఎదుటి మనిషా అన్న తేడా ఇక్కడ లేదు.

‘నమ్మబలుకు’ (నమ్మ + పలుకు) మరింత లోతైన పదం. ‘ఉద్యోగం ఇప్పిస్తానని నమ్మబలికి లక్షలు వసూలు చేశాడు’ అన్న తరహా వాక్యం లేని రోజు జిల్లా పేజీలో ఉండదు. ఈ క్రియ జరిగిపోయిన తరువాత మాత్రమే వాడదగినది. నమ్మబలుకుతున్న సమయంలో వినేవాడు దాన్ని ఆ పేరుతో పిలవలేడు, పిలవగలిగితే అది జరగదు. మోసపోయినవాడు వెనక్కు తిరిగి చూసుకుని పెట్టుకున్న పేరు అది. ఉత్తమపురుషతో పరీక్షిస్తే ఈ క్రియల స్వభావం స్పష్టమవుతుంది. ‘నేను బొంకాను’ అని ఒప్పుకోవచ్చు. ‘అబద్ధం చెప్పాను, క్షమించండి’ అనవచ్చు. ‘నేను బుకాయిస్తున్నాను’, ‘నేను నమ్మబలుకుతున్నాను’ అనే వాక్యాలను నవ్వులాటకు తప్ప ఎవరూ పలకరు. మొదటివి ఒప్పుకోలుకు పనికివచ్చే మాటలు, తరువాతివి ఆరోపణకు మాత్రమే పనికివస్తాయి.

ఆరోపణకు వరసలూ హోదాలూ అడ్డం వస్తాయి. పిల్లవాణ్ణి ‘అబద్ధాలాడితే కళ్ళు పోతాయి’ అని బెదిరించవచ్చు. మేనమామతోనో, పై అధికారితోనో ‘మీరు అబద్ధం చెబుతున్నారు’ అనడం తగువుకు దిగడమే. అక్కడ తెలుగు ‘తమరు మరిచిపోయినట్టున్నారు’, ‘పొరబడ్డట్టున్నారు’ అంటుంది. ‘-నట్టున్నారు’ అనే రూపం ఆరోపణను ఊహగా మార్చేస్తుంది. మర్యాద నిలబడుతుంది, బొంకు మరుపుగా నమోదవుతుంది.

7. ‘అట’ చేసే పని:

పదాల చర్చలో తరచుగా మరుగునపడేది ప్రత్యయాల పాత్ర. తెలుగు వాక్యం చివర చేరే ‘అట’ (ట, అంట) చెప్పిన విషయం తన అనుభవం కాదని, ఎవరో అనగా విన్నదని తెలుపుతుంది. ‘వాన పడిందట’ అన్నవాడు వానకు పూచీ కాదు. కథలు చెప్పేటప్పుడు ‘ఒక రాజు ఉండేవాడట’ అనడంలోనూ ఇదే వెసులుబాటు. ఇంతవరకు వ్యాకరణాల్లో ఉన్నదే.

ఇదే ప్రత్యయం ఉత్తమపురుషతో చేరినప్పుడు మరో పని చేస్తుంది. ‘నేను అతన్ని తిట్టానట!’ ‘నేను వాళ్ళకు రెండు లక్షలు బాకీ అట!’ తిట్టానో లేదో, బాకీ ఉన్నానో లేదో తెలియడానికి వక్తకు ఇంకొకరి మాట అక్కర్లేదు. స్వయంగా ఎరిగిన విషయాన్ని విన్నదానిగా చెప్పడమంటే, అన్నవాడి మాట అసత్యమని ప్రకటించడమే. వాక్యంలో అబద్ధం అన్న పదం లేదు, అన్నవాడి పేరు కూడా లేకపోవచ్చు. అయినా వినేవారికి ఆరోపణ పూర్తిగా అందుతుంది. అసత్యాన్ని సూచించడానికి తెలుగులో ఉన్న అతి చిన్న సాధనం ఇదే కావచ్చు, ఖండించడానికి వీల్లేనిది కూడా. ‘నువ్వు నన్ను అబద్ధాలకోరు అన్నావా?’ అని అడిగితే, ‘నేనెక్కడన్నాను?’ అనవచ్చు.

పత్రికాభాష ‘అట’ను నేరుగా వాడదు. దాని స్థానంలో ‘తెలిసింది’, ‘తెలుస్తోంది’, ‘సమాచారం’, ‘భోగట్టా’ ఉన్నాయి. ‘అట’లో సందేహం వినిపిస్తుంది, ‘విశ్వసనీయవర్గాల భోగట్టా’లో సందేహానికి బదులు గౌరవం వినిపిస్తుంది. వ్యాకరణపరంగా రెండూ చేసే పని ఒకటే, విన్నది చెప్పడం. పాఠకుడి మీద పడే బరువు మాత్రం ఒకటి కాదు.

8. పత్రికలో, సభలో, న్యాయస్థానంలో:

నేటి ప్రజాజీవనంలో వంపును తెలిపే పదాల్లో ఎక్కువగా వినిపించేది ‘వక్రీకరణ’. ‘నా మాటలను వక్రీకరించారు’ అన్న వాక్యం అన్ని పక్షాల నాయకులకూ ఉమ్మడి ఆస్తి. ‘వంక’తో పోల్చి చూస్తే ఇక్కడ జరిగిన తారుమారు తెలుస్తుంది. వంక చెప్పేవాడు మాట్లాడినవాడు. వక్రీకరించేవాడు విన్నవాడు, రాసినవాడు. వంపును వక్త మీది నుంచి శ్రోత మీదికి తోసిన పదం ఇది. దేశ్యపదం మోపిన నేరాన్ని తత్సమం మరొకరి ఖాతాలో జమచేసింది.

ప్రత్యర్థి మాటను ఖండించేటప్పుడు ‘పూర్తిగా అవాస్తవం’, ‘నిరాధారం’, ‘సత్యదూరం’ అంటారు. ఈ మూడింటిలోనూ మాట్లాడిన మనిషి లేడు. ‘అవాస్తవమాడాడు’ అనం, ‘అవాస్తవం’ ఎక్కడి నుంచో ప్రచారంలోకి వస్తుంది. దీనికి కారణాలు లేకపోలేదు. పరువునష్టం నేరం (భారతీయ న్యాయసంహిత 356వ సెక్షను, అంతకుముందు భారత శిక్షాస్మృతి 499వ సెక్షను) పత్రికా రచయిత భుజం మీది నుంచి తొంగిచూస్తూ ఉంటుంది. చట్టసభల్లో సభ్యుణ్ణి అబద్ధికుడనడం మర్యాద కాదు. 2022 జులైలో లోక్‌సభ సచివాలయం వెలువరించిన సభ్యేతర పదాల సంకలనంలో అబద్ధం, అసత్యం, తప్పుదోవ పట్టించడం అనే అర్థాలిచ్చే ఆంగ్లపదాలు కూడా చోటుచేసుకున్నాయి. ఏ పదాన్నీ నిషేధించలేదని, సందర్భాన్ని బట్టే తొలగింపు ఉంటుందని స్పీకర్ వివరణ ఇచ్చారు. ఇలాంటి చోట ‘సత్యదూరం’ ఉపయోగం అర్థమవుతుంది. సత్యం ఒకచోట ఉంది, ఈ మాట దానికి కొంత దూరంలో ఉంది. దూరం ఎవరు పెంచారన్నది అడగకూడదు. మర్యాదకోసం పుట్టిన ఈ పదజాలం సభ దాటి సాధారణ వ్యవహారంలోకి రావడంతోనే చిక్కు మొదలైంది.

దీనికి ఎదురునిలిచిన పదం ఒకటుంది: ‘బూటకం’. పోలీసు ప్రకటన ‘ఎదురుకాల్పులు’ అన్నచోట పౌరహక్కుల సంఘాలు ‘బూటకపు ఎన్‌కౌంటర్’ అన్నాయి. ఆ ప్రకటనను అవాస్తవమని అని ఉంటే వివరాల్లో పొరపాటు ఉందన్న అర్థానికీ తావుండేది. అబద్ధమని అని ఉంటే ప్రకటన మీద మాత్రమే ఆరోపణ ఉండేది. బూటకం మాటను దాటి చేతను పట్టుకుంటుంది: సంఘటననే కల్పించారు, ఆ తరువాత దాన్ని వర్ణించారు. బూటకపు పెళ్ళి, బూటకపు సంస్థ అన్నప్పుడూ ఇంతే. దీనికి ఆడు, చెప్పు అనే క్రియలు చేరవు. ఒక విశేషణం ఎంపికలో ఒక మనిషి చావుకు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మొత్తం ఇమిడి ఉంది.

న్యాయస్థానంలో ఈ తేడాకు చట్టబద్ధమైన బరువుంది. ప్రమాణం చేసి తప్పుడు సాక్ష్యం చెప్పడాన్ని నిర్వచించే భారతీయ న్యాయసంహిత 227వ సెక్షను (పాత శిక్షాస్మృతిలో 191) రెండు అంశాలను కోరుతుంది. చెప్పినది అసత్యమై ఉండాలి. చెప్పినవాడికి అది అసత్యమని తెలిసి ఉండాలి, లేదా అసత్యమన్న నమ్మకమైనా ఉండాలి, కనీసం నిజమన్న నమ్మకం లేకుండా ఉండాలి. ఇందులో మొదటిది ‘అవాస్తవం’ పరిధి. రెండోది లేకుండా ‘బొంకు’ లేదు. ధర్మశాస్త్ర పరిభాషలోని ‘కూటసాక్ష్యం’లోనూ కపటం అనే రెండో అంశమే ముందుంటుంది. చట్టాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు, సాక్షి వాంగ్మూలాన్ని తెలుగు నుంచి ఆంగ్లంలోకి మార్చేటప్పుడు ఈ రెండు అంశాలూ ఒకే ‘అసత్యం’లో కలిసిపోతే పొరబడ్డ సాక్షీ, అమ్ముడుపోయిన సాక్షీ ఒక్కటే అవుతారు. ‘అది అబద్ధం’ అని తెలుగు సాక్షి అన్నప్పుడు, విషయం నిజం కాదంటున్నాడో, ఎదుటివాడు బొంకాడంటున్నాడో అడిగి తేల్చుకోవలసిన బాధ్యత అనువాదకుడి మీద పడుతుంది.

ఎదురు విచారణలో ప్రతిపక్ష న్యాయవాది చివరగా చేసే సూచన, సాక్షి దాన్ని కాదనడం, రెండూ కలిసి కాగితం మీద ఒకే వాక్యంగా నమోదవుతాయి: ‘నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు.’ ఈ వాక్యంలో నేనూ ఉంది, అబద్ధమూ ఉంది, నిజమూ ఉంది. న్యాయవాది ఆరోపణ సాక్షి నోటనే, ఉత్తమపురుషలోనే పలికింది, ‘అనడం’ దాన్ని పరాయి మాటగా మార్చింది, ‘కాదు’ కొట్టివేసింది. ఊళ్ళో అయితే ఇదే సాక్షి ఇంత పొడవైన వాక్యం చెప్పడు. ‘నేను బొంకుతున్నానట!’ అని ఊరుకుంటాడు.